ఎవరి వయసు ఎవరు రాస్తున్నారు?

పోయిన నెల మా మండల కేంద్రంలో సంఘం మీటింగు పెట్టుకున్నాం. శ్మశానం స్థలం గురించి, హాస్టలు బియ్యం గురించి మాట్లాడాలని పిలిచిన మీటింగు అది. కాని మాటంతా ఒక్కచోటే ఆగిపోయింది. మా పక్క ఊరి పల్లెలో ఆడపిల్లని చెరిచినవాడు ఏడాది బయటెక్కడో గడిపి తిరిగి ఇంటికొచ్చాడు. వచ్చిన సాయంత్రమే రావిచెట్టు కింద అరుగు మీద కూచుని సెల్‌ఫోను చూసుకుంటున్నాడట. మా కుర్రాళ్ళకి ఒళ్ళు మండిపోయింది. ఒకడు లేచి, 'చెడ్డపని చెయ్యడానికి పెద్దోడు, శిక్ష పడేటప్పటికి చిన్నోడా? ఈ మైనరు చట్టం మనకెందుకు? ఇట్టాంటోళ్ళని ఎన్‌కౌంటర్ చెయ్యాలి' అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను కొట్టలేదు. 'మేష్టారు ఉద్యోగం చూసుకుంటున్నాడు' అని వెనకనించి ఎవరో అన్నారు. అనవలసిందే. ఎందుకు కొట్టలేదో ఆ రోజు చెప్పలేకపోయాను. చెప్పాలంటే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అంతమందిలో నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఊరి పేరు రాయను. పిల్ల పేరు రాయను. చట్టం కూడా రాయొద్దనే చెప్తుంది. అబ్బాయి పేరు కూడా రాయొద్దంటుంది, సరే, అదీ రాయను. ఊళ్ళో మాత్రం ఇద్దరి పేర్లూ అందరికీ తెలుసు. కాకపోతే అందరి నోళ్ళలో నానేది పిల్ల పేరొక్కటే.

2009 జూన్‌లో ఆ పిల్లని నేనే బళ్ళో చేర్చుకున్నాను. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి మూడేళ్ళు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాణ్ణి నేనే మొదలు. పల్లెలో ఒక్క పిల్ల కూడా గేదెల వెంట పోకూడదని నా పట్టుదల. ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని లాక్కొచ్చేవాణ్ణి. వాళ్ళమ్మ పెద్దపిల్లతోపాటు దీన్నీ వెంటబెట్టుకొచ్చింది. 'ఎప్పుడు పుట్టిందక్కా?' అంటే 'కృష్ణా పుష్కరాలప్పుడు మేష్టారూ, నీళ్ళకి జనం పోతా ఉన్నారు, నాకు నొప్పులొచ్చినాయి' అంది. కృష్ణా పుష్కరాలు 2004లో ఆగస్టు ఆఖరున మొదలయినాయి. లెక్కవేస్తే ఆ పిల్లకి అయిదేళ్ళు నిండటానికి ఇంకా మూడు నెలలుంది. అయిదు నిండకపోతే ఒకటో తరగతిలో రాయకూడదు. రాయకపోతే మధ్యాహ్నం అన్నం లేదు. నేను అడ్మిషన్ రిజిస్టరులో 1-6-2004 అని రాసేశాను. ఆ పిల్లకొక్కదానికే కాదు. ఆ ఏడు చేరిన పల్లె పిల్లల్లో సగం మంది జూన్ ఒకటో తారీఖునే పుట్టారు! మన పల్లెల్లో ఎవరి పదో తరగతి మార్కుల కాగితం తీసి చూసినా జూన్ ఒకటో, జులై ఒకటో కనపడుతుంది. మన తల్లులందరూ కూడబలుక్కుని ఒకే రోజు కన్నారా? మమ్మల్ని చేర్చుకున్న పంతుళ్ళకి మా పుట్టినరోజుతో పనిలేదు. నేనూ ఆ పంతుళ్ళ లాగే చేశాను. పుణ్యానికే చేశాననుకున్నాను.

ఊళ్ళో సంగతి వేరు. అక్కడ పిల్లవాడు పుట్టిన గంటా నిమిషమూ జాతకంలో ఉంటాయి. బళ్ళో వేసేటప్పుడు మాత్రం రెండేళ్ళు తగ్గించి రాయిస్తారు. ఎందుకు? సర్వీసు కలిసొస్తుంది. రిటైరయ్యే ముందు రెండేళ్ళ జీతం. పోటీ పరీక్షలకి వయసు మిగులుతుంది. ఇది తప్పని వాళ్ళెవరూ అనుకోరు, ముందుచూపు అనుకుంటారు. మన పిల్లల వయసు అన్నం కోసం పెరిగింది, వాళ్ళ పిల్లల వయసు ఉద్యోగం కోసం తగ్గింది. ఇన్నాళ్ళూ నేను దీన్ని తమాషాగానే చెప్పుకునేవాణ్ణి.

2022 జులై ఆఖరున, కాలేజీ బస్సు దిగి డొంక దారిన పల్లెకి నడిచొస్తున్న ఆ పిల్లని ఆ ఊరి మోతుబరి కొడుకు చెరిచాడు. కేసు పెట్టడానికి పడిన పాట్లు మీకు తెలిసినవే, అవి మళ్ళీ రాయను. కేసు పడింది, అట్రాసిటీ సెక్షన్లు కూడా పడ్డాయి. అప్పుడు కాగితాలు బయటికొచ్చాయి. నేను రాసిన తారీఖు ప్రకారం ఆ పిల్లకి పద్దెనిమిది నిండి రెండు నెలలయింది. వాళ్ళమ్మ పుష్కరాల లెక్క ప్రకారం ఇంకా నెల తక్కువ. ఆ నెల రోజులతో పోక్సో చట్టం పోయింది. పద్దెనిమిది లోపు పిల్లయితే 'ఇష్టపడే వచ్చింది' అనే మాటకి కోర్టులో చోటే లేదు. నా రిజిస్టరు పుణ్యమా అని ఆ మాటకి చోటు దొరికింది. వకీలు 'ప్రేమ వ్యవహారం' అన్నాడు. ఊరంతా అదే పాట.

కుర్రాడి పదో తరగతి సర్టిఫికెట్‌లో 2004 అక్టోబరు అని ఉంది. అంటే పదిహేడేళ్ళ తొమ్మిది నెలలు. బాలుడు. జువెనైల్ జస్టిస్ బోర్డుకి పంపారు. పిల్ల తల్లి నాతో అన్నమాట వినండి. 'వాడు పుట్టినప్పుడు ఆ ఇంట్లో చావిడి ఊడ్చింది నేనే మేష్టారూ. అప్పుడు నా పెద్దది కడుపులో ఐదో నెల. ఆ పెద్దదానికిప్పుడు పంతొమ్మిది దాటినాయి. దానికంటే పెద్దోడు బాలుడెట్టా అయినాడు?' పెద్దపిల్లది ఆస్పత్రి కాన్పు, 2003 ఏప్రిల్. ఆ చీటీ ఇంకా ఆమె ట్రంకుపెట్టెలో ఉంది. లెక్క మీరే వేసుకోండి. వాడు 2002 చివర్లో పుట్టినవాడు. పంతొమ్మిదిన్నరేళ్ళ మగాడు కాగితం మీద బాలుడయ్యాడు. పద్దెనిమిది నిండని ఆడపిల్ల కాగితం మీద పెద్దదయింది. రెండు కాగితాల్లో ఒకటి నేను రాసిందే.

మూడు వారాల్లో వాడికి బెయిలొచ్చింది. పెద్దవాడిగా విచారించాలా వద్దా అని బోర్డు చూసిన రోజున పిల్ల తరఫున ఎవరూ లేరు. ఆ రోజు ఫలానా అని మాకెవరూ చెప్పలేదు. వాళ్ళ తరఫున మంచి వకీలున్నాడు, డాక్టరు కాగితముంది, చదువుకున్న స్కూలువాళ్ళు ఇచ్చిన మంచి నడవడిక పత్రముంది. బాలుడిగానే చూశారు. రెండేళ్ళకి నేరం రుజువైందని చెప్పి ఏడాది ఉంచమన్నారు. ఆ పిల్ల డిగ్రీ మానేసింది. ఇప్పుడు హైదరాబాదులో మేనత్త దగ్గరుండి బట్టల షాపులో పనిచేస్తోంది. పండక్కి కూడా రాదు. 'మా పిల్ల వయసు ఎందుకు పెంచారు మేష్టారూ' అని వాళ్ళమ్మ నన్నొక్కసారే అడిగింది. కోపంగా అడిగి ఉంటే బాగుండేది.

కాబట్టి మన కుర్రాళ్ళ కోపం నాకు తెలియనిది కాదు. కాని ఎన్‌కౌంటర్ అన్న మాట దగ్గర ఆగి ఆలోచించండి. మన తెలుగు నేల మీదే అది జరిగింది. 2019 నవంబరు 27న హైదరాబాదు దగ్గర శంషాబాదులో ఒక పశువుల డాక్టరమ్మని చెరిచి చంపారు. పోలీసులు దిశ అని పేరు పెట్టారు. నలుగురిని పట్టుకున్నారు. లారీల మీద పనిచేసుకునే నారాయణపేట జిల్లా బీదవాళ్ళు. డిసెంబరు 6 తెల్లవారకముందే చటాన్‌పల్లి దగ్గర నలుగురినీ పోలీసులు కాల్చేశారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. మిఠాయిలు పంచారు. మన పల్లెల్లో కూడా పంచారు, దాచుకోవడమెందుకు?

తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ విచారించింది. పోలీసులు చెప్పిన ఎదురుకాల్పుల కథ నిజం కాదంది. పదిమంది పోలీసుల మీద హత్యకేసు నడపాలంది. ఇంకో మాట కూడా అంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చచ్చిన నలుగురిలో ముగ్గురు మైనర్లు. దేన్నిబట్టి తేల్చింది? వాళ్ళు చదువుకున్న బడుల రికార్డులను బట్టి. ఆ ఊళ్ళ బడుల్లో బీరువాలో రిజిస్టర్లు భద్రంగానే ఉన్నాయి. పట్టుకున్ననాటి నుంచి కాల్చిననాటి వరకూ వారం రోజులపాటు ఒక్క అధికారి కూడా వెళ్ళి ఆ పుస్తకం తెరవలేదు. వాళ్ళు నేరం చేశారో లేదో ఇక ఏ కోర్టూ తేల్చలేదు. చేసి ఉండొచ్చు. చేసి ఉన్నా ఆ ముగ్గురూ చట్టం ముందు బోర్డుకి పోవాల్సినవాళ్ళే.

ఆ కమిషన్ రిపోర్టు బయటపడింది 2022 మే 20న. సరిగ్గా ఎనిమిది రోజులకి, మే 28న, అదే హైదరాబాదులో జూబ్లీహిల్స్‌లో పదిహేడేళ్ళ పిల్ల మీద కార్లో సామూహిక అత్యాచారం జరిగింది. ఆరుగురు నిందితుల్లో అయిదుగురు మైనర్లు. పెద్ద ఇళ్ళ పిల్లలు, రాజకీయ కుటుంబాల పిల్లలూ ఉన్నారని పత్రికలన్నీ రాసినాయి. వాళ్ళ వయసు మొదటిరోజు నించే అందరికీ తెలుసు. మొహాలు కనపడకుండా దాచారు, బోర్డు ముందుకి తీసుకెళ్ళారు, వకీళ్ళు వచ్చారు, జులై ఆఖరుకల్లా బెయిళ్ళు మొదలయినాయి. నలుగురిని పెద్దవాళ్ళుగా విచారించాలని సెప్టెంబరులో బోర్డు అంటే, అందులో ఒకరి విషయంలో 2023 ఏప్రిల్లో హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. ఇదంతా అన్యాయమని నేననడం లేదు. చట్టం ఉన్నది ఇలా నడవడానికే. (ఆ కేసుకి మతం రంగు పులమాలని చూసినవాళ్ళున్నారు. వాళ్ళతో మనకి పనిలేదు.) నేను అడిగేది ఒక్కటే. జూబ్లీహిల్స్ పిల్లవాడికి దొరికిన వకీలూ, బోర్డూ, వయసూ చటాన్‌పల్లి పిల్లవాడికి ఎందుకు దొరకలేదు? ఒకచోట వయసు కవచమైంది. ఇంకోచోట వయసు తెలిసేటప్పటికి రెండేళ్ళు దాటిపోయినాయి.

ఇంకో సంగతి. దిశ ఘటనకి మూడు రోజుల ముందు, అదే నవంబరు 24న, ఆసిఫాబాదు జిల్లాలో ఊరూరా తిరిగి సరుకులమ్ముకునే బుడగ జంగాల స్త్రీని చెరిచి చంపారు. ఆమె కోసం కొవ్వొత్తులు వెలగలేదు, సంఘాలవాళ్ళు రోడ్డెక్కి అరిస్తేగాని ప్రభుత్వం కదల్లేదు. కోర్టు విచారించి 2020 జనవరి 30న ముగ్గురికి శిక్ష వేసింది. మరణశిక్ష మంచిదా కాదా అన్నది వేరే చర్చ. రెండు నెలల్లో విచారణ ముగించడం సాధ్యమేనని మాత్రం తేలింది కదా.

ఇప్పుడు చట్టం సంగతి చూద్దాం. 1986 చట్టంలో మగపిల్లలకి పదహారు, ఆడపిల్లలకి పద్దెనిమిది అని ఉండేది. పిల్లల హక్కుల ఒడంబడిక మీద మన దేశం 1992లో సంతకం పెట్టినందువల్ల 2000లో ఇద్దరికీ పద్దెనిమిది చేశారు. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సు ఘోరం జరిగింది. ఆరుగురిలో ఒకడికి పద్దెనిమిదికి ఆరు నెలలు తక్కువ. చిన్నప్పుడే ఇల్లొదిలి ఢిల్లీ వచ్చి హోటళ్ళలో పనిచేసిన, ఉత్తరప్రదేశ్ పల్లెటూరి నిరుపేద ఇంటి పిల్లవాడు. వాడి వయసు తేల్చింది కూడా వాడు చదివిన బడి రికార్డే. 2013 ఆగస్టు 31న మూడేళ్ళు వేశారు. చట్టంలో ఉన్న గరిష్ఠ శిక్ష అదే. 2015 డిసెంబరు 20న బయటికొచ్చాడు. దేశమంతా గగ్గోలు. రెండురోజులు తిరక్కుండా, డిసెంబరు 22న, రాజ్యసభ కొత్త చట్టం పాస్ చేసింది. ఘోరమైన నేరమైతే, అంటే కనీసం ఏడేళ్ళ శిక్ష ఉన్న నేరమైతే, పదహారు నించి పద్దెనిమిది మధ్య వాళ్ళని పెద్దవాళ్ళుగా విచారించవచ్చునా అని బోర్డు చూడాలి. చూసి పిల్లల కోర్టుకి పంపొచ్చు. అక్కడ కూడా ఉరి వెయ్యకూడదు, ఇక ఎప్పటికీ విడుదలే లేని జీవితఖైదూ వెయ్యకూడదు. కాబట్టి 'మూడేళ్ళకి వదిలేసే చట్టం' అని మనవాళ్ళు తిట్టేది పాత సంగతి. మా పక్క ఊరివాణ్ణి పెద్దవాడిగా విచారించడానికి చట్టంలో దారి ఉంది. ఆ దారిలో పోలేదు, అంతే.

పెద్దవాడిగా చూడాలా వద్దా అన్నది ఎవరు తేలుస్తారు? ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సంఘసేవకులు, అందులో ఒకరు స్త్రీ. వాళ్ళు చూడాల్సింది కుర్రాడి మనసూ శరీరమూ ఆ నేరానికి తగినంత ఎదిగాయా, ఏమవుతుందో వాడికి తెలుసా, ఏ పరిస్థితుల్లో చేశాడు అని. ఇక్కడే కులం మెల్లగా లోపలికొస్తుంది. మంచి చొక్కా తొడుక్కుని, తండ్రి పక్కన తల వంచుకుని నిలబడ్డవాడు 'తెలియక చేసిన' పిల్లవాడిలా కనపడతాడు. పదమూడో ఏట నించి మూటలు మోసి, చేతులు కాయలు కాసి, గడ్డం మొలిచి, సార్ అనడం కూడా సరిగా రానివాడు ఎదిగిన మనిషిలా కనపడతాడు. మన పిల్లలు బతుకు బరువుకి తొందరగా పెద్దవాళ్ళవుతారు. మనువు ధర్మశాస్త్రంలో ఒకే నేరానికి కులాన్నిబట్టి శిక్ష మారుతుంది. ఇప్పటి చట్టంలో కులం అన్న మాట లేదు. కాని అంచనా వేసేది మనుషులు.

అందుకే వయసు తగ్గించమనే గోలలో మనం కలవకూడదని నా అభిప్రాయం. 2013 జనవరిలో జస్టిస్ వర్మ కమిటీ కూడా వయసు తగ్గించొద్దనే చెప్పింది. వాళ్ళ కారణాలు వాళ్ళవి. నా కారణం మన వాడల్లో ఉంది. పరిశీలన గృహానికి నేను రెండుసార్లు వెళ్ళాను, మా బళ్ళో చదివిన పిల్లల కోసం. ఒకడు సెల్‌ఫోను దొంగతనం. రెండోవాడిది వేరే కథ. ఊరి పిల్లా వాడూ ఇష్టపడ్డారు, ఇద్దరికీ పదిహేడే, విజయవాడ పారిపోయారు. పిల్ల తండ్రి కిడ్నాపు పెట్టాడు, పోక్సో పెట్టాడు. పిల్ల స్టేషన్లో 'నేనే రమ్మన్నాను' అని మొత్తుకుంది, ఎవరు వింటారు? మన కుర్రాడు ఘోర నేరస్తుడయ్యాడు. రేపు పదహారేళ్ళకే పెద్దవాడని చట్టం రాస్తే అందులో మొదట పడేది ఈ కుర్రాడే, అరుగు మీద కూచున్నవాడు కాదు. వాడికి పదహారైనా పద్నాలుగు అని రాసిన కాగితం ఎక్కడో ఒకచోట ఉంటుంది.

ఇంకా నమ్మకం కుదరకపోతే ఈ ఒక్క కేసు వినండి. 1994లో పుణెలో ఒక ఇంట్లో ఆడవాళ్ళనీ పిల్లల్నీ కలిపి ఏడుగురిని చంపిన కేసు. దోషుల్లో ఒకడు రాజస్థాన్ నించి పనికొచ్చిన కుర్రాడు. ఉరిశిక్ష పడింది, సుప్రీంకోర్టు దాకా ఖాయమైంది. పోలీసు కాగితాల్లో వాడి పేరు ఒకటి, ఊరి బళ్ళో పేరు ఇంకొకటి. చాలా ఏళ్ళకి ఆ బడి రికార్డు పట్టుకుని చూస్తే, నేరం నాటికి వాడికి పన్నెండున్నరేళ్ళు. చట్ట ప్రకారం మూడేళ్ళకి మించి ఉంచకూడదు. 2023 మార్చిలో సుప్రీంకోర్టు వదిలేసేటప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు జైల్లో గడిపాడు. పెద్ద ఇంటి బిడ్డయితే వయసు తేలడానికి ఇరవై ఎనిమిదేళ్ళు పట్టేదా?

మరి అరుగు మీద వాడి సంగతి? వాడిని వదిలెయ్యమని నేననడం లేదు. దొంగ వయసుతో చిన్నవాడైనవాణ్ణి పెద్దవాడని రుజువు చెయ్యాలి. దానికి దారి చట్టంలోనే ఉంది. వయసు తేల్చేటప్పుడు మొదట చూసేది బడి సర్టిఫికెట్టు, పదో తరగతి సర్టిఫికెట్టు. అవి లేకపోతే మునిసిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన జనన పత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. వాళ్ళ దగ్గర మొదటి కాగితమే ఉంది కాబట్టి మన పని అయిపోయిందనుకుని మేం చేతులు కట్టుకు కూచున్నాం. అది పొరపాటు. కాగితం మీద అనుమానానికి గట్టి ఆధారముంటే దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని వేలాడక్కర్లేదని 2012లో రాజస్థాన్ నించి వచ్చిన ఒక అత్యాచారం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కఠువా కేసు గుర్తుందా? 2018 జనవరిలో, జమ్మూలో, ఎనిమిదేళ్ళ బకర్వాల్ పిల్ల. అందులో ఒకడు మైనరునన్నాడు, కింది కోర్టూ హైకోర్టూ ఒప్పుకున్నాయి. 2022 నవంబరులో సుప్రీంకోర్టు కాదంది. ఎందుకంటే తండ్రి రాయించిన తారీఖుల ప్రకారం వాడి పై ఇద్దరు పిల్లల మధ్య మూడు నెలల తేడా కూడా లేదు! ఏ తల్లి కంటుంది అలా? డాక్టర్ల పరీక్ష పంతొమ్మిది దాటిందని చెప్పింది, దాన్నే తీసుకుంది. మేం ఈ తీర్పు చదివేటప్పటికి మా కేసు సగం నడిచిపోయింది. వాడి అక్క సర్టిఫికెట్టు ఎవరూ అడగలేదు. అంగన్‌వాడీ పుస్తకం ఎవరూ అడగలేదు. పిల్ల తల్లి ట్రంకుపెట్టెలోని ఆస్పత్రి చీటీని నేనైనా వకీలు చేతిలో పెట్టలేదు.

కార్యకర్తలకి చెప్తున్నాను. మీ మండలంలో ఇలాంటిది జరిగి అవతలివాడు మైనరునంటే, మొదటి వారంలోనే వాడి తోబుట్టువుల తారీఖులు, పుట్టిన ఆస్పత్రి, అంగన్‌వాడీ, మొదట చేరిన బడి, ఇవన్నీ వెతికి రాతపూర్వకంగా బోర్డు ముందు పెట్టండి. అట్రాసిటీ చట్టంలో 15ఏ సెక్షన్ ఉంది. బెయిలప్పుడూ, విడుదలప్పుడూ, శిక్షప్పుడూ బాధితుల మాట వినాలి, ముందుగా నోటీసివ్వాలి. 2021లో సుప్రీంకోర్టు ఇది తప్పనిసరి అంది. 'ఇది పిల్లల బోర్డు, మీకిక్కడ పనిలేదు' అని గుమస్తా గేటు దగ్గర ఆపితే ఆ సెక్షన్ పేరు చెప్పి అర్జీ పెట్టండి, రసీదు తీసుకోండి. డబ్బు సంగతి కూడా వదలొద్దు. 2016 రూల్స్ ప్రకారం అత్యాచారానికి అయిదు లక్షలు, సామూహికమైతే ఎనిమిది లక్షల పాతికవేలు. సగం వైద్య పరీక్ష అయి రిపోర్టు రాగానే రావాలి, పాతిక వంతు ఛార్జిషీటుకి, మిగతాది విచారణ ముగిశాక. చేసినవాడు చిన్నవాడైనంత మాత్రాన ఈ డబ్బు తగ్గదు. మా పిల్లకి మొదటి విడత వచ్చేటప్పటికి ఆమె చదువు మానేసి ఆర్నెల్లు.

ఇక వాడు మళ్ళీ ఊళ్ళోకి రావడం. మూడేళ్ళు వేసినా పదేళ్ళు వేసినా ఎప్పుడో ఒకనాడు వస్తాడు, ఆ డొంక దారినే నడుస్తాడు. మనవాళ్ళు శిక్ష ఎన్నేళ్ళని లెక్కపెడుతున్నారు గాని, ఆ పిల్ల ఎందుకు రాలేకపోతోందని ఎవరూ అడగడం లేదు. బస్సు పల్లె దాకా రావాలని ఆర్టీసీకి ఇచ్చిన అర్జీ ఏమైంది? డొంకలో లైట్లు వేయిస్తామన్న సర్పంచి ఏమన్నాడు? పిల్ల చదువు మళ్ళీ మొదలుపెట్టడానికి సంఘం ఎంత చందా వేసింది? మీటింగులో చప్పట్లు కొట్టినవాళ్ళలో నేను అడిగాను, ముగ్గురు చేతులెత్తారు. ఒకడు, ఎన్‌కౌంటర్ అని లేచిన కుర్రాడే. వాడి మీద నాకు గౌరవం కలిగింది.

నా వరకు నేను చేస్తున్నది చిన్నపని. మే నెలలోనే నోటుబుక్కు పట్టుకుని పల్లెలో ఇల్లిల్లూ తిరుగుతున్నాను. ఏ బిడ్డ ఏ ఆస్పత్రిలో పుట్టింది, కార్డుందా, పంచాయతీలో రాయించారా అని అడుగుతున్నాను. రాయించనివాళ్ళకి ఏడాది దాటితే ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిరగాలి, కూలి పోతుంది. ఒక్కొక్కరిని వెంటబెట్టుకు తీసుకెళ్తున్నాను. 2023 అక్టోబరు తర్వాత పుట్టిన పిల్లలకి బడికైనా దేనికైనా ఆ జనన పత్రమే ఆధారమని చట్టం మార్చారు. అంటే అది లేని పల్లె పిల్లకి రేపు జూన్ ఒకటో తారీఖు కూడా దొరకదు. తోటి ఉపాధ్యాయుల్లో మనవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకి నా మాట ఇదే. వయసు తగ్గించమని స్వీటు పాకెట్టుతో వచ్చే ఊరివాళ్ళని మీరు పంపించేస్తారని నాకు తెలుసు. మన పల్లె తల్లి వచ్చి 'అయిదు వేసెయ్యి నాయనా' అన్నప్పుడు ఏం చేస్తారు?

మొన్న జూన్‌లో ఒక ముసలమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. పిల్లకి నాలుగున్నర. 'అయిదు రాసుకో అయ్యా, ఇంటికాడ చూసేవాళ్ళు లేరు, కోడలు మిరపకాయ కోతకి పోయింది' అంది. రాయనన్నాను. అంగన్‌వాడీ టీచరమ్మతో మాట్లాడి, పిల్లకి అక్కడే అన్నం పెట్టేట్టు, మధ్యాహ్నం నా తరగతిలో కూచోబెట్టుకునేట్టు ఒప్పందం చేసుకున్నాను. ముసలమ్మకి కోపమొచ్చింది. 'నీకంటే పాత పంతులే నయం, ఏదడిగితే అది రాసేవోడు' అనుకుంటా వెళ్ళింది. ఆ పాత పంతుల్ని కూడా నేనేనని ఆమె మరిచిపోయింది.